గోడ మీద పడిన మాట

నేను ఒక ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌ని. ఈ కాలం పిల్లలకు ఆ పేరు చెబితే ముఖముఖాలు చూసుకుంటారు, అందుకని కాస్త విడమరిచే చెబుతాను. బియ్యం డబ్బా అంత రేకు పెట్టె, పైన గాజు పలక, లోపల కళ్ళు చెదిరే బల్బు, పక్కన ఒక కడ్డీ, కడ్డీ చివర అద్దం. గాజు మీద పలచటి ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద ఏం రాసినా నేను గోడంత చేసి చూపిస్తాను. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు. ఒప్పు రాస్తే ఒప్పును పెద్దది చేస్తాను, తప్పు రాస్తే తప్పునూ అంతే పెద్దది చేస్తాను. రాసినవాళ్ళను వదిలేసి నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నా ఒళ్ళు ఎలాగూ రేకే.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నా అద్దం బిగించిన అమ్మాయి ముందుగా అందులో తన బొట్టు సరిచూసుకుని, ఆ తర్వాతే స్క్రూ తిప్పింది. నేను చూసిన మొదటి మనిషి ముఖం అదే. అక్కడి నుంచి ఎండుగడ్డి మధ్య ఒదిగి, లారీలో ఊగుతూ చీరాల చేరాను. అక్కడొక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. దించగానే నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇంత మర్యాద చేసినవాళ్ళు రేపటి నుంచే పనిలో పెడతారనుకున్నాను. ఏదీ! ప్రిన్సిపాల్ గదిలో ఒక మూల కూర్చోబెట్టి, మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పారు. ఎవరైనా ముట్టుకోబోతే చాలు, బల్బు పోతుందని ఒకటే కేకలు. పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు గుడ్డ తీసేవారు, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కప్పేవారు. మనుషులు వస్తువు కొనేది వాడుకోవడానికి కాదు, పాడవకుండా చూసుకోవడానికి అని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గుడ్డ కింద నుంచి నన్ను విడిపించింది శేషారత్నం మేడమ్. ఆ కాలేజీలో సైకాలజీ మొత్తానికీ ఆవిడ ఒక్కతే లెక్చరర్. బల్బు పోతే నా జీతంలోంచి పట్టుకోండి అని ప్రిన్సిపాల్‌తో తెగేసి చెప్పి, అటెండర్ దానియేలు చేత నన్ను మేడ మీది గదికి మోయించింది. దానియేలు మెట్లెక్కుతూ, ఆడకూతురికి ఎంత ధైర్యమని గొణుక్కున్నాడు. నాకైతే ఆవిడ అంటే అప్పుడే ఇష్టం ఏర్పడింది. ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు, జరిగిందంతా చూశాక కూడా పోలేదు. అదే నా ఏడుపు.

మేడమ్ డాక్టరేటు చేసింది కళ్ళ మీద. మసక వెలుతురులో గుంటమగ్గం మీద నేసేవాళ్ళ కళ్ళు ఎలా అలసిపోతాయి, ఏ రంగు దారం ముందుగా చూపుకు ఆనకుండా పోతుంది, ఇలాంటివి. దానికోసం చీరాల, పేరాల వీధుల్లో నేతగాళ్ళ ఇళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగింది. కంటి పాఠం చెప్పేటప్పుడు ఆవిడను చూడాలి! ప్రతి రెండో మాటకీ "బహుశా" అనేది. "ఇది ఇంకా తేలలేదర్రా, నేను చూసిన ఇళ్ళలో ఒకచోట ఇలా ఉంది, మరొకచోట తిరగబడింది" అనేది. పిల్లలు విసుక్కునేవారు. పరీక్షలో ఏం రాయమంటారు మేడమ్ అని అడిగితే నవ్వేది.

కానీ మొదటి సంవత్సరం సైకాలజీ అంటే కన్ను ఒక్కటే కాదు కదా. మెదడు, జ్ఞాపకం, నిద్ర, తెలివితేటలు, పిల్లల పెంపకం, మనోవ్యాధులు, అన్నీ అందులోనే. అన్నిటికీ ఆవిడే దిక్కు. కంటి డాక్టరును తీసుకొచ్చి కాన్పు చెయ్యమన్నట్టు ఉండేది. తనకు రాని పాఠాలు లైబ్రరీలోని పాత అట్టల పుస్తకాలు తెచ్చుకుని చదివేది, ఆకుపచ్చ స్కెచ్చు పెన్నుతో షీట్ల మీద గుండ్రటి తెలుగులో ఎత్తి రాసేది. నేను గమనించిన విచిత్రం ఒకటుంది. తనకు బాగా తెలిసిన చోట "బహుశా" అనే మనిషి, తెలియని చోట ఒక్కసారి కూడా ఆ మాట అనేది కాదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు పెంచి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బల్లగుద్ది చెప్పేది. ఎక్కడ ఎవరు లేచి ఏ ప్రశ్న వేస్తారోనని భయం మరి. సరిగ్గా ఉన్న షీటునే మళ్ళీ మళ్ళీ సర్దేది. నా గాజు మీదే కాబట్టి ఆ తడబాటు నాకు తెలుసు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు తెలియదు. వాళ్ళకు ఆ పాఠాలే ఎక్కువ నచ్చేవి. రాసుకోవడానికి వీలుగా ఉండేవి.

ఆ పిల్లల్లో సులోచన ఒకతె. పిల్ల అంటున్నాను గానీ పెళ్ళయి బిడ్డ తల్లి. ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. మొగుడు మగ్గం నేసేవాడు, ఈమె ఆ మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. చదువు మీద మమకారం చంపుకోలేక, అత్తను బతిమాలి, మళ్ళీ కాలేజీలో చేరింది. చివరి బెంచీలో కూర్చునేది. వేళ్ళకు దారం కోసుకుపోయిన గీతలు, పెన్ను పట్టుకోవడమే కష్టంగా ఉండేది. అయినా మేడమ్ నోట్లోంచి ఏ మాట వచ్చినా వదిలేది కాదు.

ఒకరోజు అత్తకు జ్వరమని కొడుకును క్లాసుకే తెచ్చింది. మార్కండేయులు వాడి పేరు, అందరూ మార్కండు అనేవారు. నాలుగేళ్ళుంటాయి. మాట లేదు. పిలిస్తే తిరగడు, ఎత్తుకుంటే విదిలించుకుంటాడు, ఎవరి కళ్ళలోకీ చూడడు. పిల్లలంతా గోడ వంక చూస్తుంటే వాడు మాత్రం తిన్నగా నా దగ్గరకు వచ్చాడు. నా ఫ్యాను గాలి వచ్చే చిల్లుల దగ్గర చెంప ఆనించి, క్లాసు అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. మధ్య మధ్యలో నా చప్పుడుకు వంత పాడుతున్నట్టు సన్నగా మూలిగాడు. ఇన్నేళ్ళలో నేను చూపించేదాన్ని కాకుండా నన్ను చూడవచ్చినవాడు వాడొక్కడే. వాడంటే నాకు ప్రాణం.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ పాఠం వచ్చింది. పసితనంలో వచ్చే మానసిక ఇబ్బందుల పాఠం. మేడమ్ తెచ్చుకున్న పుస్తకం ఆవిడ గురువుగారి కాలం నాటిది, పేజీలు తిప్పితే పొడి రాలేది. తనలో తాను ఉండిపోయే పిల్లల గురించి అందులో ఒక పేరా ఉంది. మేడమ్ దాన్నే షీటు మీదకు ఎత్తి రాసింది. నేను దాన్ని గోడ నిండా పరిచాను: "తల్లి ప్రేమ కరువైనప్పుడు బిడ్డ లోకం నుంచి ముఖం తిప్పుకుంటాడు. దీనికి కారణం మంచుగడ్డ వంటి తల్లి మనసు."

క్లాసంతా వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. సులోచన రాసుకోలేదు. కాసేపటికి లేచి నిలబడింది.

"తల్లికి ప్రేమ ఉండి, చూపటం చేతగాకపోతేనో మేడమ్?"

మేడమ్ చెయ్యి నా గాజు అంచును గట్టిగా పట్టుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలో లేదు. తెలియదమ్మా అని ఉంటే సరిపోయేది. ఒక్క మాట. కంటి పాఠంలో రోజుకు పదిసార్లు అనే మాటే అది. దాని బదులు గొంతు పెంచింది.

"బిడ్డకి అందని ప్రేమ లేనట్టే లెక్కమ్మా. కూర్చో."

చక్కటి వాక్యం కదా? పిల్లలు దాన్ని కూడా రాసుకున్నారు.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు, సులోచన ఉండిపోయింది. తన కొడుకు సంగతంతా చెప్పింది. మేడమ్ మనసు కరిగింది, అది నేను కళ్ళారా చూశాను. పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చంటివాడిగా ఉన్నప్పుడు నువ్వు రాట్నం దగ్గరే ఉండిపోయేదానివా అని అడిగింది. కండెలు చుట్టకపోతే మగ్గం ఆగిపోతుంది కదండీ, ఉయ్యాలకు తాడు కట్టి కాలి బొటనవేలితో ఊపుతూ చుట్టేదాన్ని అంది సులోచన. కాలితో ఊపిన పాపమా మేడమ్ ఇది అని అడిగింది. మేడమ్ పాపం, పుణ్యం అనకు అంటూనే, మళ్ళీ ఆ పుస్తకం తెరిచింది. ఇలాంటి పిల్లలను కొన్నాళ్ళు తల్లికి దూరంగా, వేరేచోట పెంచితే కోలుకున్నారని అందులో ఉంటే చదివి వినిపించింది. ధైర్యం చెబుతున్నాననే అనుకుంది ఆవిడ. సులోచన ఆ పేజీ వంక చాలాసేపు చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ క్లాసుకు రాలేదు. వాళ్ళ వీధిలోనే ఉండే దానియేలు ఒకరోజు నా దుమ్ము దులుపుతూ మేడమ్‌కు కబురు చెప్పాడు. సులోచన కొడుకును నరసరావుపేటలో ఉన్న ఆడపడుచుకు ఇచ్చేసిందట. ఆ తులసమ్మకు పిల్లల్లేరు, రెండు చేతులా అందుకుందట. ఇంట్లో అత్తా, మొగుడూ వద్దని గోల పెట్టినా వినకుండా, నా దగ్గరుంటే వాడింకా ముడుచుకుపోతాడు, నా మనసు అట్టాంటిది అని చెప్పిందట. బస్సెక్కించి వచ్చిన నాటి నుంచి రాట్నం ముందు కూర్చుని ఒకటే చుట్టుడట, అన్నానికి పిలిచినా లేవదట. చదువు మానేసింది.

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఎంత త్యాగమో చూడు దానియేలూ అంది. మరుసటి ఏడాది అదే పాఠంలో, పేరు చెప్పకుండా, ఒక ధైర్యవంతురాలైన తల్లి కథగా దాన్ని పిల్లలకు చెప్పింది. ఆ షీటు అలాగే ఉంది, నేను అలాగే గోడ మీద పరిచాను. నాకు నోరుంటే ఎంత బాగుండేదో అని అంతకు ముందెన్నడూ అనిపించలేదు. నోరున్నా ఏం చెప్పేవాణ్ణి? నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ ఎండాకాలం మేడమ్‌ను విశాఖపట్నంలో ఏదో రిఫ్రెషర్ కోర్సుకు పంపారు. తిరిగివచ్చిన రోజు ఇంటికైనా పోకుండా, పెట్టెతో సహా నేరుగా మేడ మీది గదికి వచ్చింది. బీరువా తెరిచి ఆ షీటు తీసింది. దూది తడిపి రుద్దింది. ఆకుపచ్చ ఇంకు పోలేదు, చెరిగిపోని రకం అది. చీర కొంగుతో రుద్దింది, గోటితో గీకింది. ఆఖరికి షీటును నలిపి ముద్ద చేసి, నా గాజు మీద తల ఆనించి ఏడ్చింది. కుర్చీలు సర్దడానికి వచ్చిన దానియేలు గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పుడు చెప్పింది ఆవిడ. అక్కడ ఒక పిల్లల డాక్టరమ్మ వచ్చి పాఠం చెప్పిందట. తల్లుల వల్ల ఇలా జరుగుతుందన్న మాట ఎప్పుడో కొట్టేశారట, ఆ పిల్లలు పుట్టుకతోనే అలా ఉంటారట, దాని పేరు ఆటిజమట. ఎప్పుడు కొట్టేశారని మేడమ్ లేచి అడిగితే, మీరు చదువుకునే రోజుల్లోనేనండీ అందట ఆవిడ. హాలులో ఎవరో నవ్వారట.

సాయంత్రమే సులోచన ఇంటికి వెళ్ళింది మేడమ్. ఇంటినిండా జనం, మగ్గం చప్పుడు, ఒక్క మాటకు వీలు చిక్కలేదట. అందుకని మర్నాడు కాలేజీకి రమ్మని చెప్పి వచ్చింది. సులోచన వచ్చింది. మనిషి సగమైపోయింది. తన పాత బెంచీలోనే కూర్చుంది. మేడమ్ కుర్చీలో కూర్చోలేక, నా పక్కన నిలబడి, ఒక చేత్తో నా కడ్డీ పట్టుకుని చెప్పింది. నేను చెప్పింది తప్పమ్మా, అది నాకు తెలిసిన విషయం కాదు, తెలిసినట్టు చెప్పాను. నీ మనసులో ఏ లోపమూ లేదు, నువ్వు ఏం చేసినా, చెయ్యకపోయినా వాడు అలాగే పుట్టేవాడు. ఉయ్యాల కాలితో ఊపితే ఏమీ కాదు. ఇలా ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయింది.

సులోచన వేళ్ళ మీది దారం గీతలను ఒక్కొక్కటిగా తడుముకుంది. తిట్టి ఉంటే బాగుండు. ఆఖరికి, మేడమ్‌ను కాదు, తనను తాను అడుగుతున్నట్టు అంది.

"అయితే నా బిడ్డనెందుకు ఇచ్చేసుకున్నానండీ?"

మేడమ్ నా కడ్డీ వదిలి, నరసరావుపేట బస్సు ఎన్నింటికని దానియేలును కేకేసి అడిగింది.

ఇద్దరూ కలిసి నరసరావుపేట వెళ్ళారు. తులసమ్మ ఏడుస్తూనే పిల్లవాణ్ణి పంపింది. హమ్మయ్య అనుకున్నాను నేను, తప్పు జరిగినా దిద్దుకోవడానికి వీలు దొరికింది కదా అని. వారం తిరక్కుండానే సులోచన ఒంటరిగా కాలేజీకి వచ్చింది. వాడు ఇంట్లో అడుగుపెట్టిన క్షణం నుంచి మెతుకు ముట్టలేదట. తల గోడకేసి కొట్టుకున్నాడట, నెత్తురు కారినా ఆపలేదట. తలుపు తీస్తే చాలు వీధిలోకి పరుగట. మేడమ్ ఆ డాక్టరమ్మకు ఫోను చేస్తే, ఇలాంటి పిల్లలకు అలవాటైన చోటు మారడం మామూలు పిల్లలకంటే చాలా కష్టం, నెమ్మదిగా అలవాటు చెయ్యాలి, తొందరపడవద్దు అని చెప్పింది. ఈసారి విన్న మాట నిజమే. కానీ ఆ నిజం కూడా సులోచనకు ఎదురుగానే నిలబడింది.

"నేనే తెచ్చుకున్నా, నేనే దించొచ్చా మేడమ్," అంది సులోచన. "మా వదిన గుమ్మం తొక్కంగానే ఏడుపాపాడు. వాడి కంచం, వాడి పీట యాడుండాయో వాడికి తెలుసు. నాకోసం వాణ్ణి చంపుకోలేను గదా. ఆదివారాలు పోయి అరుగు మీద కూచ్చొని చూసొస్తా. మెల్లిగా అలవాటైతే అవుద్ది, లేకపోతే లేదు."

లేచి వెళ్ళబోతూ ఆగి, ఇంకొక్క మాట చెప్పింది. మీకు తెలవంది తెలవదని చెప్పండి మేడమ్, మాలాంటోళ్ళం మీరు చెప్పిందల్లా నమ్ముతాం, అని. కోపంగా అనలేదు. అడిగినట్టే అంది.

ఆ రోజు నుంచి మేడమ్ పాఠం చెప్పే తీరే మారిపోయింది. మెదడు గురించైనా, నిద్ర గురించైనా, మొదలుపెట్టే ముందే ఇది నా విషయం కాదర్రా, ఇందులో నాకు తెలియనివి ఇవీ అని షీటు మీద రాసి చూపించేది. కొత్త పుస్తకాలకు ఉత్తరాలు రాసి తెప్పించుకునేది. పిల్లలకు నచ్చలేదు. మేడమ్‌కు ఏమీ రాదని మెట్ల మీద చెప్పుకోవడం నేను విన్నాను. కొత్త ప్రిన్సిపాల్ ఆవిడను పిలిచి, తెలియదని చెప్పడానికేనా మీకు జీతం ఇస్తున్నది అని మందలించాడట. గట్టిగా తప్పు చెప్పిన రోజుల్లో చప్పట్లు కొట్టిన మనుషులు, మెత్తగా నిజం చెబుతుంటే మూతి విరిచారు. ఒళ్ళు మండిపోయింది నాకు. అసలే బల్బు వేడి.

తర్వాత కంప్యూటరుకు తగిలించే కొత్త ప్రొజెక్టరు వచ్చింది. దానికీ కొబ్బరికాయ కొట్టారు. నా బల్బు మాడిపోయింది, అలాంటివి ఇక దొరకవన్నారు. కొన్నాళ్ళు మేడ మెట్ల కింద ఉన్నాను, నా కడ్డీకి ఎవరో గొడుగు తగిలించేవారు. మేడమ్ రిటైరవబోయే ముందు పాత సామాను తూకానికి ఇచ్చేయమని ఆర్డరు వచ్చింది. నన్నూ, విరిగిన స్టూళ్ళనూ, వంగిన ఫ్యాను రెక్కలనూ వరండాలో కుప్పగా పోశారు. పాత ఇనుము కొనే అతను కాటా తెచ్చి, కొక్కేనికి తాడు కడుతున్నాడు. మేడమ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను సాగనంపడానికే కూర్చుందని నేను అనుకుంటున్నాను, కాదని ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వచ్చింది సులోచన, చేతిలో స్టీలు డబ్బాతో. ఆ వయసుకే జుట్టు అక్కడక్కడా నెరిసింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. డబ్బా మూత తీసి, మేడమ్ చేతిలో సున్నుండ పెట్టింది.

"మార్కండుకి మాటొచ్చింది మేడమ్."

మేడమ్ కుర్చీలోంచి లేచి సులోచనను కావలించుకుంది. వాడికి తొమ్మిదేళ్ళు దాటాయి, ఇక రాదనే అనుకున్నారు అందరూ. ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది, ఏమన్నాడు అని ఊపిరాడకుండా అడిగింది. నిన్న ఆదివారం, అన్నాల వేళ, అంది సులోచన. తను ఎప్పటిలాగే వదినగారి అరుగు మీద కూర్చుని ఉందట. లోపల వాడు కంచం ముందు కూర్చుని, ఉన్నట్టుండి, స్పష్టంగా, "అమ్మా, పెరుగు" అన్నాడట.

"అమ్మా అన్నాడా!" మేడమ్ ఏడుస్తూనే నవ్వింది. "నువ్వు లోపలికి పరుగెత్తావా? నిన్ను చూశాడా?"

సులోచన డబ్బా మూత పెట్టబోయి, మళ్ళీ తీసింది.

"నన్ను కాదండీ. మా వదిన్ని."

మేడమ్ చేతిలో సున్నుండ అలాగే ఉండిపోయింది. పాత ఇనుము అతను తాడు కట్టడం ఆపి ఇటు చూశాడు. సులోచన అతని దగ్గరకు వెళ్ళి చేతిలో ఒక ఉండ పెట్టింది. తర్వాత దానియేలుకు పెట్టింది, మెట్లు దిగుతున్న ఆడపిల్లలను ఆపి తలా ఒకటి పెట్టింది. ఎందుకని అడిగిన ప్రతివాళ్ళకూ నవ్వుతూ ఒకటే చెప్పింది, మా అబ్బాయికి మాట వచ్చిందని.